నల్ల మస్టాంగ్ పెయింట్ పని: గీతలు తీయడం నుంచి పీపీఎఫ్ దాకా

డిసెంబరు చివరి వారం: టార్చ్ వేసి చూశాక

కారు 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. నలుపు రంగు, ఐదు లీటర్ల వీ8. ఈ మోడల్ మన దేశానికి 2016లో వచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీలో తయారై, కుడివైపు స్టీరింగ్‌తో దిగుమతి అయ్యేది. కాలేజీ రోజుల నుంచి గోడ మీద ఫొటోలో చూసుకున్న బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను. ఇంజిన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ అన్నీ బాగున్నాయి. ఈ డైరీ మాత్రం పెయింట్ గురించే: ముందు గీతలు తీయడం, ఆ తర్వాత పీపీఎఫ్, అంటే పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్మ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్), వేయించడం.

నీడలో నిలబెడితే అద్దంలా ఉంటుంది. ఎండలోకి తెస్తే అసలు సంగతి బయటపడుతుంది. సెల్లార్‌లో లైట్లు ఆపి బానెట్ మీద ఎల్‌ఈడీ టార్చ్ వేస్తే, వెలుగు పడ్డ చోట చుట్టూ సాలెగూడులా సన్న గీతలు. అవి నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ పోయే తిన్నని గీతల్లో, వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి చుట్టు తిరిగినట్టు కనిపిస్తాయి. టార్చ్ జరిపితే ఆ గూడు కూడా దాంతోపాటే జరుగుతుంది.

ఈ గీతలు రోడ్డు మీద పడ్డవి కావు. రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో తుడిచినందువల్ల పడ్డవి. హైదరాబాదు చుట్టుపక్కల అంతా గ్రానైట్ నేల. ఆ రాయి పొడైతే దుమ్ములో మిగిలేది ఎక్కువగా క్వార్ట్‌జ్ రేణువులు, అవి గాజుకన్నా గట్టివి. కారు మీద పడ్డ ఆ దుమ్మును గుడ్డతో ఒత్తి లాగితే, సన్న వాటర్ పేపర్‌తో రుద్దినట్టే. పైగా గుడ్డ ఒకటే, సెల్లార్‌లో ఉన్న కార్లన్నిటికీ అదే.

కారు తెచ్చిన మర్నాడే కార్లు తుడిచే కుర్రాడు బకెట్ పట్టుకుని వచ్చాడు. "సార్, మస్తు దుమ్ము పట్టింది, తుడవమంటరా?" అన్నాడు. "వద్దు తమ్ముడూ, దీన్ని ముట్టుకోకు. నెల డబ్బులు నీకు మామూలుగానే ఇస్తా" అన్నాను. "గట్లనే ఉంచితే మంచిగుండదు కద సార్" అని నొచ్చుకున్నాడు. టార్చ్ వేసి గీతలు చూపించాను. చాలాసేపు వంగి చూశాడు. తర్వాత పక్కనున్న తెల్ల స్విఫ్ట్ మీద కూడా టార్చ్ వేసి చూడమన్నాడు. అక్కడా అవే గీతలు. తెలుపు కాబట్టి కనపడవు, అంతే.

అదే వారం: మైక్రాన్ల లెక్క

మెషిన్ ముట్టుకునే ముందు పెయింట్ మందం కొలవాలి. దీన్ని చాలామంది దాటేస్తారు. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో ఇంతకన్నా ముఖ్యమైన పని లేదు.

ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. తుప్పు పట్టకుండా వేసే అడుగు పొర, ప్రైమర్, రంగు, వాటన్నిటి మీద రంగులేని క్లియర్ కోట్, అన్నీ కలిపితేనే అంత. అందులో క్లియర్ 35 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే మెరుపంతా ఉండే పొర వెంట్రుకంత మందం కూడా లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనం ఉండేది కూడా ఆ క్లియర్‌లోనే. దాన్ని అరగదీస్తే, కొన్నేళ్ళ తర్వాత టాప్ మీద, బానెట్ మీద తెల్లగా పొట్టు లేస్తుంది. అలా పొట్టు లేచిన కార్లు మన రోడ్ల మీద ఎన్నో కనిపిస్తాయి. ఆ దశకు వచ్చాక పాలిష్‌తో పని జరగదు, మళ్ళీ పెయింట్ వేయించుకోవాల్సిందే.

ఈ కారు బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం. మిగతా బాడీ ఎక్కువగా ఉక్కు. చవక మీటర్లు కొన్ని ఉక్కు మీదే పనిచేస్తాయి, అల్యూమినియం మీద పెడితే రీడింగే రాదు. అందుకని రెండు లోహాలకూ పనికొచ్చే మీటర్ తీసుకున్నాను. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి ఇలాంటి మీటర్ దేనితోనూ కొలవలేం. అక్కడ తక్కువ రుద్దడం ఒక్కటే దారి.

టాప్ మీద 110 నుంచి 120. బానెట్ మీద 115 నుంచి 125. డోర్లు దాదాపు అంతే. డోర్ తెరిచి లోపలి అంచు మీద పెడితే 85. అక్కడ పొరలు పలుచగా ఉంటాయి కాబట్టి అది సహజమే. ఎడమవైపు వెనక చక్రం పైన పెడితే మాత్రం 240, కొంచెం ఇటు జరిపితే 260. అంటే అక్కడ మళ్ళీ పెయింట్ వేశారు. పుట్టీ పెట్టి ఉంటే ఈ అంకె ఇంకా చాలా ఎక్కువ చూపించేది. కాబట్టి పెద్ద దెబ్బ కాదు, గీత పడితే పై పూత వేయించి ఉంటారు. టెన్షన్ పడాల్సిందేం లేదు కానీ, ఈ సంగతి తర్వాత పీపీఎఫ్ దగ్గర పనికొచ్చింది.

రీడింగులన్నీ మాస్కింగ్ టేప్ ముక్కల మీద రాసి ఆ పానెల్ మీదే అంటించాను. నోట్‌బుక్‌లో రాసుకుంటే మెషిన్ చేతిలో ఉన్నప్పుడు ఎవరూ తిరగేసి చూడరు.

జనవరి మొదట్లో: నీళ్ళు

ఈ ఊళ్ళో కారు కడిగే ముందు నీళ్ళ సంగతి తేల్చుకోవాలి. మా బోరు నీళ్ళలో టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచేది) ముంచితే 900 దాటింది. ఆ నీళ్ళు బానెట్ మీద ఆరితే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి చుక్కల్లా మిగులుతాయి. నల్ల కారు మీద ఒక్కో చుక్క చుట్టూ ఒక్కో వలయం. ఎండలో కాలే పానెల్ మీద ఆరితే క్లియర్‌లోకి దిగి గుంట చేస్తుంది. ఇక షాంపూతో పోదు.

ఇంకో మాట. ఆర్వో ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్ళు వృథా పోకూడదని పట్టి కార్లు కడుగుతుంటారు. నీళ్ళు ఆదా చేయాలన్న ఆలోచన మంచిదే. కానీ ఆ నీళ్ళలో ఉప్పులు బోరు నీళ్ళకన్నా ఎక్కువ, ఫిల్టర్ వేరు చేసినవన్నీ అందులోకే చేరతాయి. వాటితో ఫ్లోర్లు తుడవండి, బాత్‌రూమ్‌లు కడగండి. కారుకు మాత్రం వద్దు.

నేను ఎంచుకున్న పద్ధతి: ముందు దుమ్ము వదిలించడానికి కుళాయికి వచ్చే మంజీరా నీళ్ళు, చివరగా ఒక్కసారి పై నుంచి పోయడానికి వాటర్ ప్లాంట్ నుంచి తెచ్చిన 20 లీటర్ల క్యాన్. ఆ చివరి నీళ్ళు ఆరినా మరక పెద్దగా పడదు.

సంక్రాంతి ముందు వారం: కడగడం, లోతు శుభ్రం

ప్రెషర్ వాషర్‌తో ఫోమ్ కొట్టి కొన్ని నిమిషాలు వదిలేశాను. చెయ్యి పెట్టకముందే ఎంత దుమ్ము జారిపోతే అంత మంచిది. తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో మామూలు నీళ్ళు. రెండింటి అడుగునా జాలీ, దిగిన ఇసుక మళ్ళీ పైకి రాకుండా. మిట్ (చేతికి తొడిగి కారు కడిగే మెత్తటి తొడుగు) ఒక పానెల్ తుడవగానే ముందు మామూలు నీళ్ళ బకెట్‌లో జాడించి, తర్వాతే షాంపూలో ముంచాలి. పై నుంచి కిందికి రావాలి, గుండ్రంగా కాకుండా తిన్నగా లాగాలి. డోర్ల కింది భాగానికి, చక్రాల వెనకకు వేరే మిట్.

తర్వాత ఐరన్ రిమూవర్. బ్రేకుల నుంచి రేగే ఇనుప రేణువులు క్లియర్‌లో దిగబడి ఉంటాయి, కంటికి కనపడవు. ఈ ద్రావణం కొడితే ఇనుముతో కలిసి ఊదా రంగుకు తిరుగుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన, మాస్క్ పెట్టుకోకపోతే ఉండలేం. డిక్కీ మూత మీద, వెనక బంపర్ మీద ఊదా చారలు కారుతూ వచ్చాయి. ఆరనివ్వకుండా కడిగేయాలి. తారు చుక్కలకు వేరే రిమూవర్ వాడాను, అది చిన్న పనే.

అన్నీ అయ్యాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద నిమిరాను. ఉత్తి చేతికి నున్నగా తగిలే చోట, కవర్ తొడిగితే గరుకు తెలుస్తుంది. ఆ గరుకు పోయేదాకా క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) పట్టాను. తడి బాగా ఉండాలి, ఒత్తకూడదు, నల్లబడగానే మడత పెట్టి కొత్త ముఖం వాడాలి. కింద పడితే ఆ ముక్క చెత్తబుట్టలోకే, ఎంత ఖరీదైనా సరే. తెల్లటి నీటి మరకల మీద వైట్ వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి గుడ్డతో కాసేపు ఉంచి కడిగాను. చాలా వరకు పోయాయి. గుంట పడినవి పాలిష్‌కు మిగిలాయి.

సంక్రాంతి తర్వాత: టెస్ట్ స్పాట్

ఒక మిత్రుడి షెడ్డు దొరికింది. మూడు వైపులా ప్లాస్టిక్ షీట్లు కట్టి, నేల తడిపి దుమ్ము అణిచి పని మొదలుపెట్టాను. జనవరి ఈ పనికి మంచి కాలం. పానెల్ చల్లగా ఉంటుంది, గాలిలో తేమ తక్కువ.

పాలిషర్ డ్యూయల్ యాక్షన్‌ది, 15 మిల్లీమీటర్ల త్రోది, అంటే ప్యాడ్ ఊగే వెడల్పు అంత. టింకరింగ్ షెడ్లలో కనిపించే రోటరీ మెషిన్ ఒకే చోట తిరుగుతూ వేడెక్కిస్తుంది. చేయి తిరిగినవాళ్ళకు అది వజ్రాయుధమే. అలవాటు లేని చేతిలో మాత్రం ఎండలో తేలే హోలోగ్రామ్ చారలు పెడుతుంది, అంచుల దగ్గర క్లియర్ దాటిపోతుంది. డ్యూయల్ యాక్షన్‌లో ప్యాడ్ తన చుట్టూ తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి వేడి ఒక్కచోట పోగవదు.

బానెట్ మీద రెండడుగుల చదరానికి టేప్ కట్టాను. నియమం ఒక్కటే: అన్నిటికన్నా మెత్తనిదానితో మొదలుపెట్టాలి. ముందు మెగ్వయర్స్ 205 పాలిష్, మెత్తటి ఫినిషింగ్ ప్యాడ్. ప్యాడ్ మీద నాలుగు శనగ గింజలంత చుక్కలు. తక్కువ స్పీడ్‌లో పరిచి, తర్వాత స్పీడ్ పెంచి, చెయ్యి నెమ్మదిగా నడపాలి. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, ఒక గీటు సగం మరో గీటు మీద పడేలా. ప్యాడ్ వెనక నల్ల మార్కర్‌తో ఒక గీత గీసుకున్నాను. గీత తిరుగుతూ కనిపిస్తే ప్యాడ్ పనిచేస్తున్నట్టు. ఆగిపోయి ఊగుతుంటే ఒత్తిడి ఎక్కువైనట్టు, లేదా మెషిన్ ఒరిగినట్టు.

తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నాలుగు వంతులు నీళ్ళు కలిపి దాంతో మళ్ళీ తుడిచాను. ఇది తప్పనిసరి. పాలిష్‌లోని నూనె గీతల్లో నిండి, లేని నునుపు చూపిస్తుంది. నూనె పోయాక టార్చ్ వేస్తే సగం గీతలు అలాగే ఉన్నాయి. అదే పాలిష్, కాస్త గట్టి పాలిషింగ్ ప్యాడ్ మార్చి మళ్ళీ చేశాను. ఈసారి వలయాలు దాదాపు పోయాయి. కొన్ని లోతు గీతలు మాత్రం నిలిచాయి.

ఇక్కడే నిర్ణయం తీసుకోవాలి. అదే కంపెనీ 105 కాంపౌండ్ (పాలిష్‌కన్నా ఎక్కువ అరగదీసేది) పట్టి ఆ గీతలు కూడా లాగేయవచ్చు. గోరు పెట్టి అడ్డంగా గీస్తే ఆగిన గీత ఉంటే అది చాలా లోతు, దాన్ని వదిలేయాలి. గోరు ఆగని వాటికే కాంపౌండ్, అది కూడా ఆ చోటికి మాత్రమే. నూటికి నూరు పాళ్ళు గీతలు లేని బానెట్ కోసం నాకున్న కొద్ది మైక్రాన్లు ఖర్చు పెట్టను. ఈ కారును ఇంకో ఇరవై ఏళ్ళు ఉంచుకోవాలని నా కోరిక. తీసినదాన్ని తిరిగి పెట్టలేం, మిగిల్చినదాన్ని ఎప్పుడైనా తీయవచ్చు.

జనవరి చివర: బండి మొత్తం

టెస్ట్ స్పాట్‌లో తేలిన పద్ధతే అన్ని పానెల్స్‌కూ. ఈ బానెట్ మీద రెండు గట్టి మడతలు ఉన్నాయి, డోర్ల మీదుగా వెనక దాకా పోయే మడత ఇంకోటి. మడత శిఖరం మీద పెయింట్ పలుచగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. అందుకని శిఖరాల మీద సన్న టేప్ వేసి అటూ ఇటూ చేశాను. టేప్ తీశాక ఆ సన్న గీత మేర చేత్తో ఒక్కసారి పాలిష్ అద్దాను.

ప్లాస్టిక్ బంపర్ల మీద వేడి బయటికి పోదు. చేతి వెనకతో తాకి చూస్తూ, గోరువెచ్చన దాటకుండా ఆపుతూ చేశాను. ప్యాడ్ ప్రతి భాగం తర్వాత బ్రష్‌తో శుభ్రం, అరిగిన క్లియర్ పొడి అందులోనే ఉంటే మళ్ళీ గీతలు పెడుతుంది.

చివరగా మీటర్ పెట్టి చూస్తే బానెట్ మీద తేడా రెండు మూడు మైక్రాన్లు. మీటర్‌కే అంత తేడా వస్తుంది కాబట్టి పోయింది చాలా తక్కువనే అనుకోవచ్చు. ట్యూబ్‌లైట్ కింద నిలబెడితే బానెట్‌లో లైటు అంచు వంకర లేకుండా గీత గీసినట్టు కనపడింది. చాలాసేపు చుట్టూ తిరిగి చూశాను, ఫొటోలు తీయడం తర్వాత గుర్తొచ్చింది.

ఫిబ్రవరి: పీపీఎఫ్ ఎక్కడ, ఎందుకు

సిరామిక్ చాలా, పీపీఎఫ్ కావాలా అని అందరూ అడుగుతారు. రెండూ చేసే పనులు వేరు. సిరామిక్ కోటింగ్ అంటే పెయింట్ మీద రాస్తే గట్టిపడే ద్రవం, దాని మందం మైక్రాన్ అటూ ఇటూ. మురికి అంటకుండా చేస్తుంది, కడగడం తేలిక చేస్తుంది, పిట్ట రెట్ట పడితే కడిగేయడానికి కొంత సమయం ఇస్తుంది. రాయి దెబ్బను ఆపడం మాత్రం దానివల్ల కాదు. అమ్మేవాళ్ళు 9హెచ్ అంటే వజ్రంలాంటి గట్టిదనం అన్నట్టు చెబుతుంటారు. అది పెన్సిల్ గట్టిదనం కొలత, ఖనిజాల కొలత కాదు. పీపీఎఫ్ 150 నుంచి 200 మైక్రాన్ల టీపీయూ (సాగే ప్లాస్టిక్) ఫిల్మ్. రాయి దెబ్బను అదే తింటుంది. వేడి తగిలితే పై పూతలోని సన్న గీతలు వాటంతటవే పూడుకుంటాయి.

నా డ్రైవ్‌లన్నీ ఔటర్ రింగ్ రోడ్డు మీదుగానే. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద వేగం బాగుంటుంది, కంకర టిప్పర్లూ బాగానే ఉంటాయి. అందుకని ముందు బంపర్, బానెట్, ఫెండర్లు, మిర్రర్లు, వెనక చక్రాల ముందు భాగానికి ఫిల్మ్. మిగతాదంతా సిరామిక్. మళ్ళీ పెయింట్ వేసిన ఎడమ వెనక భాగానికి మాత్రం ఫిల్మ్ వద్దనుకున్నాను. ఆ పూత ఎంత గట్టిగా పట్టిందో పైకి తెలియదు, రేపు ఫిల్మ్ తీస్తే జిగురుతో పాటు పెయింట్ కూడా ఊడి రావచ్చు.

ఫిల్మ్ వేయడం ఇంట్లో చేసే పని కాదు. షాపు ఎంచుకునేటప్పుడు ఒకే ప్రశ్న అడిగాను: బ్లేడు కారు మీద పెడతారా, ప్లాటర్ (కంప్యూటర్ కొలతలతో ఫిల్మ్‌ను ముందే కోసే మెషిన్) మీద కోస్తారా? చేయి తిరిగినవాళ్ళు కారు మీద కోసినా క్లియర్ తెగకుండా కోస్తారు. కానీ తెగిందో లేదో ఫిల్మ్ తీసిన రోజు దాకా తెలియదు. నేను ప్లాటర్ కటింగ్ చేసే చోటికే వెళ్ళాను. పక్కనే నిలబడి చూడనిచ్చారు.

బేబీ షాంపూ కలిపిన నీళ్ళు పానెల్ నిండా కొట్టి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని ఫిల్మ్ పరిచారు. తడి మీద అది ఇటూ అటూ జారుతుంది. సరిగ్గా కూర్చున్నాక మధ్యలో నుంచి అంచులకు స్క్వీజీతో (నీళ్ళు తోసే రబ్బరు పట్టీ) నీళ్ళు తోశారు. అంచుల దగ్గర ఆల్కహాల్ నీళ్ళు కొడితే జిగురు వెంటనే పట్టేస్తుంది. బంపర్ మూల దగ్గర ఫిల్మ్ సాగదీయడం చూడాలి. ఎక్కువ సాగితే మెరుపు తగ్గుతుంది, తక్కువ సాగితే కొన్నాళ్ళకు అంచు లేస్తుంది. ఆ కుర్రాడు బొటనవేలితో ఒత్తి, వదిలి, వెనక్కి తీసి మళ్ళీ పరిచి, చాలా ఓపికగా కూర్చోబెట్టాడు. అక్కడక్కడా చిన్న నీటి బుడగలు మిగిలాయి. రెండు మూడు వారాల్లో ఆరిపోతాయన్నారు, అలాగే ఆరిపోయాయి.

వారం తర్వాత సిరామిక్ నేనే వేశాను. స్పాంజి దిమ్మకు సన్న గుడ్డ చుట్టి, కొన్ని చుక్కలు వేసి, చిన్న చదరం మేర పరవాలి. ఇంద్రధనుస్సు రంగులు కనిపించగానే మైక్రోఫైబర్‌తో సమం చేయాలి. ఆలస్యమైతే గట్టిపడి మచ్చ మిగులుతుంది, అది మళ్ళీ పాలిష్‌తోనే పోతుంది. అందుకే టార్చ్ పక్కనే పెట్టుకుని ప్రతి చదరాన్నీ వంగి చూశాను. రోజంతా నీళ్ళు తగలకుండా, వారం దాకా షాంపూ లేకుండా ఉంచాను.

ఫిబ్రవరి చివర: పూజ

"బండికి బొట్టు పెట్టకుండానే రోడ్డెక్కిస్తావురా?" అని అమ్మ అడిగింది. పూజ చేయించాలని నాకూ ఉంది. పెయింట్ మీద పసుపు, కుంకుమ తడిపి రాయడం ఒక్కటే ఇబ్బంది. బజారు కుంకుమలో కలిపే రంగు ఫిల్మ్‌లోకి ఇంకితే పోదు, పొడిగా తుడిస్తే గీతలు. అందుకని స్వస్తిక్, బొట్లు ముందు అద్దం మీద పెట్టమన్నాను. గాజుకు మరక అంటదు. దండ ఇనుప తీగతో కాకుండా దారంతో కట్టించాను. కొబ్బరికాయ కారుకు దూరంగా నేల మీద కొట్టాం, నిమ్మకాయలు చక్రాల కిందే. అమ్మకు ఏ లోటూ కనిపించలేదు. సాయంత్రం అద్దం మీద బాగా నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో తీసేశాను.

ఏప్రిల్: ఎండలు మొదలు

నల్ల బానెట్ మీద మధ్యాహ్నం చెయ్యి ఆనించలేం. ఈ కాలంలో పిట్ట రెట్ట గంటల్లోనే క్లియర్‌ను తింటుంది. వేడికి మెత్తబడిన పొర మీద ఆమ్లం పనిచేస్తుంది, చల్లబడ్డాక ఆ గుర్తు అలాగే బిగుసుకుంటుంది. డిక్కీలో ఒక చిన్న స్ప్రే బాటిల్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఎప్పుడూ ఉంటాయి. తడిపి, నానబెట్టి, ఎత్తినట్టు తీయాలి, రుద్దకూడదు. గబ్బిలాలు తిరిగే చెట్ల కింద పార్క్ చేయడం పూర్తిగా మానేశాను. వాటి రెట్టలో పళ్ళ గింజలు, రంగు రెండూ ఉంటాయి.

ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టి టీడీఎస్ చూస్తే 20 లోపే. గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చిన నీళ్ళు కదా. వడగట్టి చివరి జాడింపుకు ఇప్పుడు అవే వాడుతున్నాను, వాటర్ క్యాన్ ఖర్చు తప్పింది. ఉదయం ఏడు లోపు, పానెల్ చల్లగా ఉండగానే కడగడం అయిపోవాలి. ఆరబెట్టడానికి బ్లోయర్, మిర్రర్ల సందుల్లో దాగిన నీళ్ళు కూడా బయటికి వస్తాయి.

శంషాబాద్ వైపు వెళ్ళొచ్చిన రోజు బానెట్ ముందు అంచున ఫిల్మ్ మీద ఒక నొక్కు కనిపించింది. రాయి దెబ్బే. గోరు పెడితే ఆగింది, కానీ ఫిల్మ్ చీలలేదు, కింద రంగు చెక్కుచెదరలేదు. ఆ నొక్కును అలాగే వదిలేస్తున్నాను.

వచ్చే నెల చక్రాలు ఊడదీసి లోపలి వైపు ఐరన్ రిమూవర్ కొట్టి, వాటికీ కోటింగ్ వేయాలి. జాకీ స్టాండ్లు తెచ్చి పెట్టుకున్నాను. కార్లు తుడిచే కుర్రాడు తానూ వస్తానన్నాడు. రెండు బకెట్ల పద్ధతి అతనికి ఇప్పటికే వచ్చేసింది. తెల్ల స్విఫ్ట్ ఓనర్‌తో మాట్లాడి ఆ కారుకు వేరే మిట్ కూడా కొనిపించాడు.